గురువు మాటనూ కొలిచి చూసిన కుర్రాడు

పెద్ద పేరున్న పుస్తకంలో ఏదో లెక్క కుదరట్లేదని మీకెప్పుడైనా అనిపించిందా? ‘మనమెంతలే’ అనుకుని పేజీ తిప్పేశారా? అయితే కుర్ర చార్లెస్ డార్విన్ గురించి మీరు తెలుసుకోవాల్సిందే. ఇది పరిణామ సిద్ధాంతం కథ కాదు. అంతకు చాలా ముందు పగడపు దిబ్బలతో అతను పెట్టుకున్న పేచీ.

1809లో ఇంగ్లండ్‌లో పుట్టిన డార్విన్ మెడిసిన్‌లో చేరి మధ్యలోనే మానేశాడు. చర్చిలో ఫాదర్ అవుతాడని నాన్న కేంబ్రిడ్జికి పంపితే పురుగులు పట్టుకుంటూ తిరిగాడు. 22 ఏళ్లకు, 1831 డిసెంబరులో, బీగిల్ ఓడలో ప్రపంచయాత్రకు బయల్దేరాడు. జీతం లేదు, ఖర్చులు నాన్నవే. వెంట చార్లెస్ లయెల్ రాసిన భూగర్భశాస్త్ర గ్రంథం ఉంది. లయెల్ అంటే అతనికి గురువుతో సమానం.

ఎవరేం చెప్పినా తనే సరిచూసుకోవడం డార్విన్ అలవాటు. గాలాపగోస్ దీవుల్లో మూడు నాలుగు అడుగుల సముద్రపు ఇగ్వానాలుంటాయి. అవి చేపల వేటకే నీళ్లలో దిగుతాయని అంతకుముందు ఓ కెప్టెన్ రాశాడు. డార్విన్ వాటి పొట్టలు కోసి చూస్తే ఉన్నది సముద్రపు నాచు!

ఇక అసలు పేచీ. నడిసముద్రంలో ఉంగరాల్లా కనిపించే పగడపు దీవులు, మునిగిన అగ్నిపర్వతాల నోటి అంచుల మీద పెరిగాయని లయెల్ చెప్పాడు. కొన్ని ఉంగరాలు 70 కిలోమీటర్ల పొడవుంటాయి. అగ్నిపర్వతానికి అంత నోరుంటుందా? పైగా దిబ్బలు కట్టే పగడాలు తక్కువ లోతులోనే బతుకుతాయి. అన్ని కొండలూ సరిగ్గా నీటిమట్టం కిందే ఎలా ఆగాయి?

డార్విన్ జవాబు వేరు. దీవి చుట్టూ పగడాలు పెరుగుతాయి. దీవి మెల్లగా కుంగుతుంటే అవి పైకి పెరుగుతూనే ఉంటాయి. చివరికి దీవి మునిగి ఉంగరం మిగులుతుంది. దక్షిణ అమెరికాలో ఈ ఆలోచన వచ్చేనాటికి అతను అసలైన పగడపు దిబ్బను ఒక్కటీ చూడలేదు!

అందుకే 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులు అతనికి పరీక్ష హాలయ్యాయి. సీసపు గుండుకు కొవ్వు పూసి నీళ్లలోకి దించారు. తక్కువ లోతులో బతికున్న పగడాల అచ్చులు పడ్డాయి. లోతు పెరిగేకొద్దీ ఇసుకే అంటింది. తీరానికి రెండు కిలోమీటర్ల దూరంలో కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ 7,200 అడుగుల తాడు వదిలినా అడుగు తగల్లేదు. అంటే అది నిటారుగా లేచిన కొండ! పగడాలు కొరికే చేపల్ని కోస్తే పేగుల నిండా సున్నపు బురద. దిబ్బ ఓ పక్క పెరుగుతూ, ఇంకోపక్క అరుగుతూ ఉంటుందన్నమాట.

1837లో లండన్ జియలాజికల్ సొసైటీ ముందు ఈ వాదన పెట్టాడు. లయెల్ తన సిద్ధాంతాన్ని సంతోషంగా వదులుకున్నాడు. 1842లో పుస్తకం వచ్చింది. అయినా కొందరు శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఎవరైనా కోటీశ్వరుడు ఓ పగడపు దీవిని లోతుగా తవ్విస్తే బాగుండని డార్విన్ ముసలితనంలో కోరుకున్నాడు. 1882లో కన్నుమూశాడు. 1952లో పసిఫిక్‌లోని ఎనివెటాక్ దీవిలో డ్రిల్లింగ్ చేస్తే, కిలోమీటరుకు పైగా సున్నపురాయి దాటాక అగ్నిపర్వత శిల తగిలింది. మంచుయుగాల్లో సముద్రమట్టం మారడం కూడా ఈ దీవుల రూపానికి కారణమని తర్వాతి పరిశోధనలు చేర్చాయి.

మీకు డౌటు రావడం తప్పు కాదు. డౌటు దగ్గరే ఆగిపోతే ఉపయోగం లేదు. ఏం కొలిస్తే తేలుతుందో రాసుకోండి. మీ మాట తప్పైతే ఎలా తెలుస్తుందో కూడా పక్కనే రాసుకోండి. తర్వాత తాడు వదలండి.