షోయబుల్లా ఖాన్: ఇంటి నగలతో నడిచిన పత్రిక

ఉస్మానియా డిగ్రీ ఉంటే సర్కారీ కొలువు అంత కష్టం కాని రోజులవి. 1920లో పుట్టిన షోయబుల్లా ఖాన్ మాత్రం బీఏ కాగానే ఉర్దూ పత్రికల దారి పట్టారు. మొదట పనిచేసిన ‘తేజ్’ మూతపడింది. మందుముల నర్సింగరావు గారి ‘రయ్యత్’లో చేరితే నిజాం సర్కారు దాన్నీ ఆపేసింది. ఇక సొంతంగానే అనుకొని 1947 నవంబరులో ‘ఇమ్రోజ్’ మొదలుపెట్టారు. మరి డబ్బెక్కడిది? అమ్మ నగలు, భార్య నగలు అమ్మారు. బూర్గుల రామకృష్ణారావు గారు అండగా నిలిచారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాస్తుంటే రజాకార్ల బెదిరింపులు వచ్చాయి. కలం ఆగలేదు. 1948 ఆగస్టు 21 అర్ధరాత్రి కాచిగూడ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుండగా కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లారేసరికి ప్రాణం పోయింది. వయసు 27. నెల తిరక్కుండానే, సెప్టెంబరు 17న, నిజాం లొంగిపోయాడు.