అంధ ముఅజ్జిన్ హజ్రత్ ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి)

మక్కాలో ఇస్లాం పిలుపును తొలినాళ్ళలోనే అందుకున్నవారిలో ఒక అంధుడున్నారు. తల్లి ఆతికాను ఉమ్మె మక్తూమ్ అనేవారు. అందుకే ఆయన ఇబ్ను ఉమ్మె మక్తూమ్‌గా ప్రసిద్ధులయ్యారు. హజ్రత్ ఖదీజా (రజి)కు మేనమామ కొడుకు.

ఒకరోజు దైవప్రవక్త (స) ఖురైష్ పెద్దలతో మాట్లాడుతున్నారు. వారు విశ్వసిస్తే ఎందరో విశ్వసిస్తారని ఆయన ఆశ. సరిగ్గా అప్పుడే ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, తనకు ధర్మం నేర్పమని అడిగారు. అక్కడ ఎవరున్నారో ఆయనకు కనిపించదు కదా! దైవప్రవక్త (స)కు ఆ అంతరాయం నచ్చలేదు. నొసలు చిట్లించి ముఖం తిప్పుకున్నారు. ఆ చిట్లింపును అంధుడు చూడనే లేదు. అయినా అల్లాహ్ దానిని ఉపేక్షించలేదు. 'అబస' సూరా అవతరించింది. లక్ష్యపెట్టని వాని మీద శ్రద్ధ చూపి, భయభక్తులతో పరుగెత్తుకొచ్చిన వానిని పట్టించుకోకపోవడం తగదని అందులో మందలింపు ఉంది. దైవప్రవక్త (స) ఆ ఆయతులను దాచలేదు. నేటికీ మనం వాటిని నమాజుల్లో చదువుతున్నాం.

అటుపిమ్మట ఆయన పట్ల దైవప్రవక్త (స) మెలిగిన తీరు చూడండి. మన ఇంట్లో ఒకరికి చూపు లేకపోతే ఏం చేస్తాం? పెళ్ళిలో ఓ మూల కుర్చీ వేసి కూర్చోబెడతాం. వేళకు అన్నం పెడతాం. పని మాత్రం అప్పగించం. ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి)కు పని దొరికింది. 622లో దైవప్రవక్త (స) హిజ్రత్‌కు ముందే ఆయన, హజ్రత్ ముస్అబ్ (రజి) మదీనా చేరి అక్కడివారికి ఖుర్ఆన్ నేర్పారు. తర్వాత హజ్రత్ బిలాల్ (రజి)తోపాటు ముఅజ్జిన్ అయ్యారు. రమజానులో బిలాల్ (రజి) అజాన్ రాత్రి ఉండగానే అయ్యేది. ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) అజాన్ వినిపించేవరకు ప్రజలు సహ్రీ తినేవారు. తెల్లవారిందని పక్కవారు చెబితే ఆయన అజాన్ ఇచ్చేవారు. అంటే ఊరంతటి ఉపవాసం ఆరంభమయ్యేది చూపులేని మనిషి గొంతుతోనే! దైవప్రవక్త (స) ప్రయాణాలకు, యుద్ధాలకు వెళ్ళినప్పుడు మదీనాలో నమాజు చేయించే బాధ్యత ఆయనకు అనేకసార్లు అప్పగించారు. అలా 13 సార్లు జరిగిందని కొందరు చరిత్రకారులు రాశారు.

ఒకసారి ఆయన, ఇల్లు దూరమనీ, చేయిపట్టి నడిపించే మనిషి సరిగా కుదరలేదనీ చెప్పి, ఇంట్లోనే నమాజు చేసుకోవడానికి అనుమతి కోరారు. అజాన్ వినబడుతుందా అని అడిగితే అవునన్నారు. అయితే రావలసిందేనన్నది సమాధానం. అదే జిహాద్ విషయంలో ఆయన తన అశక్తతను విన్నవించుకున్నప్పుడు 'నిసా' సూరా 95వ ఆయతులో అశక్తులకు మినహాయింపు అవతరించింది.

ఆ మినహాయింపు ఎవరి కారణంగా వచ్చిందో, ఆయనే దానిని వాడుకోలేదు. 636 ప్రాంతంలో ఖాదిసియా యుద్ధం జరిగింది. ఆయన కవచం తొడుక్కుని, నల్లజెండా పట్టుకుని నిలబడ్డారు. అక్కడే షహీద్ అయ్యారని కొందరు, మదీనాకు తిరిగివచ్చాక మరణించారని మరికొందరు అంటారు.