క్రిస్మస్ పశువుల పాక వెనక ఒక సన్యాసి: అస్సీసీ ఫ్రాన్సిస్ కథ

డిసెంబర్ వచ్చిందంటే మన ఆఫీసుల్లో, మాల్స్‌లో క్రిస్మస్ చెట్టు పెడతారు. దాని కింద చిన్న పశువుల పాక, కాస్త గడ్డి, ఎద్దు, గాడిద, మధ్యలో బాలయేసు బొమ్మ. చూడగానే మన బొమ్మల కొలువు గుర్తొస్తుంది కదా? ఆ పాక వెనక ఒక సన్యాసి ఉన్నాడు. వీడియోలో ఆయన గురించి క్లుప్తంగానే చెప్పాను, ఇక్కడ తీరిగ్గా చెప్తాను.

భక్తి ఛానెల్‌లో క్రైస్తవ సాధువు కథేంటి అని మీలో కొందరికి అనిపించొచ్చు. 1886 డిసెంబర్ 24 రాత్రి బెంగాల్‌లోని ఆంట్‌పూర్‌లో, ధుని చుట్టూ కూర్చుని, వివేకానంద స్వామి, ఆయన గురుభాయిలు సన్యాసం తీసుకోవాలని నిశ్చయించుకున్నారు. ఆ రాత్రి స్వామీజీ వాళ్ళకి చెప్పింది యేసు కథే. రామకృష్ణ మఠాల్లో ఇప్పటికీ ఆ సాయంత్రం యేసు పటం పెట్టి పూజ చేస్తారు. నా వరకు ఆ జవాబు చాలు.

ఇక కథలోకి వెళ్దాం. ఇటలీలో అస్సీసీ అని కొండ మీది ఊరు. అక్కడ 1181లోనో 1182లోనో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో పుట్టాడు ఫ్రాన్సిస్. డబ్బుకి లోటు లేదు. స్నేహితులు, విందులు, పాటలు, వీరుడినవ్వాలన్న కలలు. పక్క ఊరు పెరూజియాతో యుద్ధానికి వెళ్ళి పట్టుబడి, ఏడాది పాటు ఖైదులో ఉన్నాడు. తర్వాత పెద్ద జబ్బు చేసింది. లేచేసరికి మనిషి మారిపోయాడు. అంతకుముందు కుష్ఠురోగిని చూస్తే ముక్కు మూసుకునేవాడు, ఇప్పుడు దగ్గరికెళ్ళి సేవ చేయడం మొదలెట్టాడు.

పాడుబడ్డ ఒక చిన్న గుడిని బాగు చేయించాలని తండ్రి కొట్లో బట్టలు అమ్మేశాడు. తండ్రికి మండింది. ఇంట్లో బంధించాడు, చివరికి బిషప్ ముందు పంచాయితీ పెట్టాడు. అక్కడ ఫ్రాన్సిస్ డబ్బే కాదు, ఒంటి మీద బట్టలు కూడా విప్పి తండ్రికి ఇచ్చేసి, ఇకమీదట తనకి తండ్రి దేవుడొక్కడే అన్నాడు. ఈ ఘట్టాన్ని అందరూ గొప్ప త్యాగంగానే చెప్తారు. నాకు మాత్రం ఆ బట్టలు చేతిలో పట్టుకుని ఇంటికెళ్ళిన తండ్రే కళ్ళముందు కదులుతాడు. మన శంకరులు సన్యాసి అయ్యాక కూడా తల్లి అంత్యక్రియలకి తిరిగొచ్చారని చెప్పుకుంటాం. ఫ్రాన్సిస్ పాత చరిత్రల్లో తండ్రితో రాజీ పడిన ఘట్టం కనిపించదు.

తర్వాతది మీరు ఊహించగలరు. భిక్ష, చెప్పుల్లేని నడక, వెంట శిష్యులు, 1209 ప్రాంతంలో పోప్ అనుమతి. 1219లో క్రూసేడ్ యుద్ధం మధ్యలో ఈజిప్టు వెళ్ళి సుల్తాన్ అల్ కామిల్‌ని కలిసి, క్షేమంగా తిరిగొచ్చారు. కానీ వచ్చేసరికి కళ్ళు పాడయ్యాయి. సంఘం వేల మందితో పెరిగిపోయింది, పేదరికం మరీ ఇంత కఠినంగా ఎందుకని వాదనలు మొదలయ్యాయి. 1220లో నాయకత్వం వదిలేశారు.

1223 డిసెంబర్ నాటికి ఆయన పరిస్థితి అది. గ్రెచ్చో అనే కొండ ఊళ్ళో జొవాన్ని అనే పెద్దమనిషికి పండగకి రెండు వారాల ముందే కబురు పెట్టారు. ఒక పశువుల తొట్టి, గడ్డి, ఒక ఎద్దు, ఒక గాడిద సిద్ధం చెయ్యమన్నారు. పుట్టిన బిడ్డ ఎంత లేమిలో పడుకున్నాడో కళ్ళారా చూడాలని ఆయన కోరిక.

ఒక చిన్న సంగతి: సువార్తల్లో తొట్టి ఉంది గానీ ఎద్దూ గాడిదా లేవు. యెషయా ప్రవక్త గ్రంథంలోని ఒక మాటని బట్టి పూర్వులు వాటిని కథలోకి తెచ్చారు.

ఆ రాత్రి ఊరంతా కాగడాలు, కొవ్వొత్తులు పట్టుకుని కొండెక్కింది. తొట్టి దగ్గరే పూజ జరిగింది. ఫ్రాన్సిస్ సువార్త గానం చేశారు, మాట్లాడారు. బెత్లెహేమ్ అన్న మాటని గొర్రెపిల్ల అరిచినట్టు పలికారట. యేసు పేరు పలికినప్పుడల్లా తీపి తిన్నట్టు పెదవులు తడుపుకునేవారట! రామదాసు గారు పాడింది కూడా నామం రుచి గురించే కదా. తొట్టిలో బొమ్మ పెట్టినట్టు పాత కథనంలో లేదు, కానీ అక్కడ నిద్రపోతున్న బిడ్డ ఒకాయనకి కనిపించాడట. తర్వాత ఆ గడ్డిని ఊరివాళ్ళు దాచుకుని, జబ్బు చేసిన పశువులకి పెట్టారు.

పండగ రోజు ఆయన పట్టింపులు వినండి. చక్రవర్తి కనిపిస్తే, క్రిస్మస్‌కి దారుల్లో పిట్టలకి గింజలు చల్లాలని, ఎద్దులకీ గాడిదలకీ మేత ఎక్కువ వెయ్యాలని చట్టం చేయించమని అడుగుతాననేవారు. ఒకసారి క్రిస్మస్ శుక్రవారం వచ్చింది, ఉపవాసం ఉండాలా అని ఒక శిష్యుడు అడిగాడు. అలాంటి రోజు గోడలు కూడా విందు తినాలి, తినలేకపోతే కనీసం పైన పూయాలి అన్నారట.

ఆ తర్వాత ఆయన బతికింది మూడేళ్ళు కూడా లేదు. చూపు దాదాపు పోయింది. కళ్ళకి వైద్యమని కాల్చిన ఇనుముతో వాతలు పెట్టారు. ఆ స్థితిలోనే సూర్యుణ్ణి అన్న అని, చంద్రుణ్ణి అక్క అని పిలుస్తూ స్తోత్రం కట్టారు. 1226 అక్టోబర్ 3 సాయంత్రం కన్నుమూశారు. అంతకుముందు తనని వట్టి నేల మీద పడుకోబెట్టమని అడిగారు. పొద్దుగూకే వేళ లార్క్ పిట్టలు ఆ ఇంటి కప్పు మీద గుంపుగా తిరుగుతూ చాలాసేపు అరిచాయని ఆయన చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. మామూలుగా అవి చీకటి పడితే కనిపించవు.