చలనచిత్రశిల్పి అకీరా కురొసావా

1951వ సంవత్సరమునకు పూర్వము జపాను చలనచిత్రములను గూర్చి ఆ దేశము వెలుపల ఎరిగినవారు మిక్కిలి తక్కువ. జపానులో ఏటేట వందలకొలది చిత్రములు తయారగుచుండెను. వానిలో చూడదగినవి యెన్నియో యుండెను. కాని వానిని వెదకి లోకమునకు చూపువారు లేకపోయిరి. 1951లో ఇటలీ దేశమందలి వెనిస్ నగరములో జరిగిన చలనచిత్రోత్సవమున ఒక జపాను చిత్రము ప్రథమ బహుమానము పొందుటతో ఆ కొరత తీరెను. ఆ చిత్రము పేరు 'రషోమోన్'. దాని దర్శకుడు అకీరా కురొసావా.

కురొసావా 1910వ సంవత్సరము మార్చి 23వ తేదీన టోక్యో నగరములో జన్మించెను. తల్లిదండ్రుల ఎనమండుగురు సంతానములో అతడు కడగొట్టువాడు. తండ్రి ఇసాము సమురాయి వంశమునకు చెందినవాడు. సమురాయిలనగా పూర్వకాలమున జపాను ప్రభువులను కొలిచిన ఖడ్గధారులైన యోధులు. ఇసాము సైన్యమువారి వ్యాయామ విద్యాసంస్థలో ఉద్యోగి. క్రమశిక్షణలో కడు కఠినుడు. అయినను చలనచిత్రములు చూచుటయు విద్యలో ఒక భాగమని యాతని యభిప్రాయము. పెద్దలనేకులు చలనచిత్రములను నిరసించుచుండిన ఆ కాలమున ఇసాము తన పిల్లలను తానే వెంటబెట్టుకొని చిత్రప్రదర్శనములకు తీసికొనిపోవుచుండెను.

చిన్ననాట కురొసావా మందబుద్ధియని పేరుపడెను. తోడి బాలురు వెక్కిరించినచో ఏడ్చుచుండెడివాడు. అట్టి బాలుని జీవితమును తచికావా అను ఉపాధ్యాయుడు మార్చెను. ఇతర ఉపాధ్యాయులు ఒక బొమ్మను చూపి అచ్చముగా అట్లే గీయుమని చెప్పుచుండగా, తచికావా మాత్రము ఎవరికి తోచినది వారు స్వేచ్ఛగా గీయవచ్చునని చెప్పెను. కురొసావా రంగుపెన్సిళ్లు విరుగునంతగా ఒత్తి, వ్రేలిని ఉమ్మితో తడిపి రంగులను అలికి, ఒక బొమ్మ గీసెను. దానిని చూచి తరగతియంతయు నవ్వెను. ఉపాధ్యాయుడు నవ్వినవారిని మందలించి, ఆ బొమ్మను మెచ్చుకొనెను. ఆ నాటినుండి చిత్రలేఖనపు గంట ఎప్పుడు వచ్చునాయని బాలుడు ఎదురుచూచుచుండెను. క్రమముగా ఇతర పాఠములయందును ముందంజ వేసెను.

కురొసావాకు రెండవ గురువు అతని యన్న హెయిగో. 1923వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన టోక్యో ప్రాంతమును ఘోరమైన భూకంపము కుదిపివేసెను. పిమ్మట చెలరేగిన మంటలలో నగరము చాలవరకు భస్మమయ్యెను. లక్షమందికి పైగా మరణించిరి. అప్పుడు కురొసావాకు పదుమూడేండ్లు. హెయిగో తమ్ముని వెంటబెట్టుకొని ఆ శిథిలములగుండ నడిచెను. ఎక్కడ చూచినను శవములే. బాలుడు భయపడి ముఖము త్రిప్పుకొనగా, అన్న కోపించి, చక్కగా చూడుమని ఆజ్ఞాపించెను. ఆ రాత్రి పీడకలలు వచ్చునని బాలుడు బెదరెను. కాని గాఢనిద్ర పట్టెను. మరునాడు తమ్ముడు ఆశ్చర్యముతో కారణమడుగగా హెయిగో వివరించెను: భయంకరమైన దానిని చూడక కన్నులు మూసికొనినచో భయము పెరుగును, సూటిగా చూచినచో భయపడుటకేమియు మిగులదు. ఈ బోధ కురొసావా మనస్సులో నాటుకొనెను.

ఆ దినములలో చలనచిత్రములకు మాటలు లేవు. తెరప్రక్కన నిలుచుండి కథను వినిపించువారిని జపానులో బెన్షీలందురు. హెయిగో పేరుపొందిన బెన్షీ. పఠనాసక్తి మెండుగా గల యా యన్న తమ్మునికి చూడదగిన విదేశచిత్రములను ఏరి తెలుపుచుండెను. కాని మాటాడు చిత్రములు వచ్చుటతో బెన్షీలకు పని పోయెను. తన వృత్తి కూలిపోగా హెయిగో 1933లో అకాలమరణము నొందెను. కొలదినెలలకే పెద్దయన్నయు మరణించెను. ఇరువదిమూడేండ్ల ప్రాయమున కురొసావా ఆ యింటికి మిగిలిన యొక్కగానొక్క కుమారుడయ్యెను.

చిత్రకారుడు కావలెనని అతడు కొంతకాలము ప్రయత్నించెను గాని దానితో జీవనము జరుగునట్లు కనబడలేదు. ఇంతలో పి.సి.ఎల్. అను చలనచిత్ర సంస్థ సహాయదర్శకులు కావలెనని పత్రికలో ప్రకటించెను. జపాను చిత్రములయందలి మూలలోపములేవి, వానిని సరిదిద్దుటెట్లు అను విషయముపై వ్యాసము వ్రాసి పంపవలెను. లోపములు నిజముగా మూలములోనే యున్నచో వానిని సరిదిద్దుట సాధ్యము కాదుగదాయని కురొసావా చమత్కారముగా వ్రాసెను. ఆ ధైర్యము యమామోటో అను దర్శకునికి నచ్చెను. 1936లో కురొసావా ఆ సంస్థలో చేరెను. అదియే పిమ్మట తోహో సంస్థగా మారెను. యమామోటో శిష్యునిచేత సెట్లు కట్టించుటమొదలు చిత్రమును కత్తిరించి కూర్చుటవరకు అన్ని పనులును చేయించెను. దర్శకుడు కాగోరువాడు ముందుగా కథ వ్రాయుట నేర్వవలెనని ఉపదేశించెను.

1943లో కురొసావా తొలిచిత్రము వెలువడెను. అది 'సుగాతా సన్షిరో' అను జూడో మల్లుని కథ. అవి యుద్ధదినములు. ప్రభుత్వపు తనిఖీదారుల యనుమతి లేనిదే చిత్రము బయటికి రాదు. కురొసావాయు ఆ కాలమున ప్రభుత్వము మెచ్చు చిత్రములను తీయకపోలేదు. 1945లో జపాను ఓడిపోయెను. అదే సంవత్సరమున అతడు యగుచి యోకో అను నటిని వివాహమాడెను. ఓడిన దేశములోని దారిద్ర్యమును, రోగమును దాచక చూపిన 'త్రాగుబోతు దేవదూత' 1948లో వెలువడెను. అందు నటించిన మిఫూనే తొషిరో పిమ్మట కురొసావా చిత్రములు పెక్కింటికి నాయకుడయ్యెను.

అకుతగావా అను రచయిత కథలు రెండింటిని ఆధారముగా గొని 'రషోమోన్' చిత్రమును 1950లో దాయెయ్ అను సంస్థకొరకు తీసెను. రషోమోన్ అనునది క్యోటో నగరపు పురాతన ద్వారము. కుంభవర్షము కురియుచుండగా, శిథిలమైన ఆ ద్వారముక్రింద మువ్వురు తలదాచుకొని, అడవిలో చనిపోయిన ఒక సమురాయిని గూర్చి చెప్పుకొందురు. బందిపోటు ఒక విధముగను, సమురాయి భార్య వేరొక విధముగను, మృతుని యాత్మ సోదెకత్తె నోట మరియొక విధముగను, కట్టెలు కొట్టువాడు ఇంకొక విధముగను జరిగినదానిని తెలుపుదురు. ఏ యిద్దరి మాటలును కలియవు. ఎవరికి వారు తమ గౌరవమునకు భంగము రాని రీతిగా నిజమును మార్చి చెప్పుదురు. కట్టెలవాడును ఒక విషయమును దాచినవాడే. కడపట ఆ ద్వారముక్రింద ఎవరో విడిచిపోయిన పసికందు ఏడ్పు వినబడును. ఇదివరకే ఆరుగురు బిడ్డలు గల ఆ పేదవాడు ఆ శిశువును గూడ ఎత్తుకొని యింటికి పోవును.

చిత్రీకరణకు ముందు సహాయదర్శకులు మువ్వురు వచ్చి, ఈ కథ తమకు బోధపడలేదని చెప్పిరి. మనుష్యుడు తన్నుగూర్చి తనతోనైనను నిజము చెప్పుకొనలేడనియే దీని సారాంశమని కురొసావా వివరించెను. ఇద్దరు సమాధానపడిరి, మూడవవాడు సమాధానపడలేదు. చిత్రీకరణలో అతడు క్రొత్త మార్గములు త్రొక్కెను. కెమేరాను సూర్యునివైపు త్రిప్పరాదని అంతవరకు అందరును తలచుచుండిరి. కురొసావాయు, ఛాయాగ్రాహకుడు మియాగావాయు ఆకులసందున మెరయు సూర్యునివైపే దానిని త్రిప్పిరి. వానధారలు తెరపై స్పష్టముగా కనబడుటలేదని నీటిలో నల్లని సిరా కలిపించిరి.

చిత్రమును చూచి దాయెయ్ సంస్థాధిపతి తనకేమియు అర్థము కాలేదని విసిగికొనెను. పిమ్మట కురొసావా వేరొక సంస్థకొరకు రష్యా రచయిత దొస్తొయెవ్‌స్కీ నవలను చిత్రముగా తీసెను. నాలుగుగంటలకు మించిన ఆ చిత్రమును ఆ సంస్థవారు అతని యిష్టమునకు విరుద్ధముగా కత్తిరించిరి. విమర్శకులు దానిని తీవ్రముగా ఖండించిరి. దానితో దాయెయ్ సంస్థయు అతనికి ఇవ్వదలచిన పనిని మానుకొనెను. దిగులుపడి ఒకనాడు అతడు తమా నదికి చేపలు పట్టబోయెను. గాలము తగుల్కొని దారము తెగిపోయెను. ఉసూరుమని యింటికి రాగా, భార్య ఎదురువచ్చి, 'రషోమోన్' వెనిస్‌లో ప్రథమ బహుమానము పొందినదని తెలిపెను. ఆ చిత్రము అక్కడికి పంపబడినదనియే అతడెరుగడు!

దానిని ఎన్నుకొన్నది జూలియానా స్ట్రామిజోలీ అను ఇటలీ విదుషి. జపాను భాషాసాహిత్యములు నేర్చిన ఆమె టోక్యోలో ఇటలీ చిత్రసంస్థ ప్రతినిధిగా నుండెను. జపాను చిత్రములనేకము చూచి, 'రషోమోన్' నచ్చి, వెనిస్‌కు పంపుమని కోరెను. దాయెయ్ సంస్థ మొదట సంశయించెను. ఆమె పట్టు విడువలేదు. స్వదేశమున యజమానికే కొరగాదని తోచిన చిత్రము ఒక పరదేశీయురాలి మంచిచూపువలన లోకమున కెక్కెను. 1952లో అమెరికా చలనచిత్ర అకాడమీయు దానికి గౌరవపురస్కారము నొసగెను. తెరచిన ఆ త్రోవను మరికొందరు జపాను దర్శకులు నడచిరి. మిజొగుచి చిత్రములు 1952, 1953, 1954 సంవత్సరములలో వరుసగా వెనిస్‌లో బహుమతులందెను. కినుగాసా తీసిన 'నరకద్వారము' 1954లో ఫ్రాన్సునందలి కాన్ ఉత్సవమున ప్రథమ బహుమానము పొందెను.

1952లో కురొసావా 'ఇకిరు' చిత్రమును తీసెను. ఆ మాటకు జీవించుట యని యర్థము. ముప్పదియేండ్లు పురపాలక కార్యాలయములో కాగితములపై ముద్రలు వేయుచు కాలము గడపిన వతనబె అను గుమాస్తాల పెద్ద తనకు కడుపులో క్యాన్సరు వ్యాధి యున్నదని తెలిసికొనును. మిగిలినది కొలదినెలలే. మురుగు నిలిచిన తావున పిల్లలకు ఆటస్థలము కావలెనని కొందరు తల్లులు పెట్టుకొన్న యర్జీని అతడు చేపట్టును. గదిగదికి తిరుగును, పెద్దలకు వంగి నమస్కరించును, అవమానములు సహించును. ఆటస్థలము తయారగును. మంచు కురియు రాత్రి అక్కడి ఉయ్యాలపై కూర్చుండి పాడుకొనుచు ప్రాణములు విడుచును. ఆతని కర్మదినమున తోడి యుద్యోగులు తామును అట్లే పనిచేయుదుమని ప్రతినపూనుదురు. తిరిగి కార్యాలయమునకు వచ్చి పాతత్రోవనే పట్టుదురు.

1954లో వెలువడిన 'ఏడుగురు సమురాయిలు' మూడుగంటలకు మించిన చిత్రము. బందిపోట్ల బాధ పడలేక ఒక పల్లెరైతులు పట్టెడన్నమే జీతముగా ఏడుగురు యోధులను పిలిపించుకొందురు. చిత్రములో కనబడు గ్రామస్థుల కుటుంబవివరములను సైతము కురొసావా ముందుగా వ్రాసియుంచెను. చిత్రీకరణ నెలలు గడచినను ముగియలేదు. వ్యయము మితిమీరగా సంస్థవారు పని ఆపించిరి. అతడు తొందరపడక చేపలు పట్టుకొనుచు కాచుకొనెను. పెట్టిన సొమ్ము వృథాచేసికొనలేక వారే దిగివచ్చిరి. కడపటి యుద్ధమును చలికాలమున, బురదలో, వానలో, ఏకకాలమున పెక్కు కెమేరాలతో తీసెను. నలుగురు సమురాయిలు మరణింతురు. రైతులు పాటలు పాడుచు వరినాట్లు వేయుచుండగా, గెలుపు రైతులదేగాని తమది కాదని యోధుల నాయకుడు గ్రహించును. ఈ కథనే 1960లో అమెరికావారు తమ దేశపు అశ్వికుల కథగా మార్చి తీసిరి.

1965 పిమ్మట కురొసావాకు కష్టదశ ప్రారంభమయ్యెను. జపానులో దూరదర్శనములు పెరిగి చిత్రశాలలకు జనము తగ్గెను. అమెరికావారికొరకు పూనుకొన్న పని మధ్యలో చెడెను. 1970లో తీసిన 'దొదెస్కాదెన్' నష్టము తెచ్చెను. పెట్టుబడి పెట్టువారు లేకపోయిరి. నిరాశను తాళలేక 1971 డిసెంబరులో అతడు ప్రాణత్యాగమునకు యత్నించి, భాగ్యవశమున కోలుకొనెను. చూపు మరల్పరాదని నేర్పిన యన్న బోధను ఆ గడ్డుదినమున మరచినను, మరల లేచి నిలిచెను. సోవియట్ దేశమువారి యాహ్వానముపై సైబీరియా అడవుల చలిలో 'దెర్సు ఉజాలా' తీసెను. అది ప్రకృతినెరిగిన ఒక ముసలి వేటగాని కథ. 1975లో వెలువడిన ఆ చిత్రము మాస్కోలో బహుమతిని, మరుసటి యేడు అమెరికా అకాడమీ పురస్కారమును పొందెను.

తదుపరి చిత్రమునకు ధనము దొరకని దినములలో, తీయదలచిన దృశ్యములను అతడు వందలకొలది బొమ్మలుగా చిత్రించుకొనెను. తచికావా మెచ్చిన విద్య ఆ విధముగా అక్కరకు వచ్చెను. అతనిని గురువుగా భావించిన అమెరికా దర్శకులు లూకస్, కొప్పోలా సాయపడగా 'కాగెముషా' 1980లో వెలువడి కాన్ ఉత్సవమున ప్రథమ బహుమానమును పంచుకొనెను. షేక్‌స్పియరు 'లియరు రాజు' కథననుసరించిన 'రాన్' 1985లో వెలువడెను. దానిని తీయుచుండగా భార్య మరణించెను. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు దుఃఖము దిగమ్రింగి పని ముగించెను. 1990లో అమెరికా అకాడమీ గౌరవపురస్కారమందుకొనుచు, చలనచిత్రకళ తనకింకను పూర్తిగా అవగతము కాలేదని వినయముతో పలికెను. 1943 మొదలు 1993 వరకు ముప్పది చిత్రములకు దర్శకత్వము వహించి, 1998వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన టోక్యోలో ఎనుబదియెనిమిదవ యేట మరణించెను.

జపాను చిత్రములను చూడగోరువారు 'ఇకిరు', 'ఏడుగురు సమురాయిలు', 'రషోమోన్' అను మూడింటితో ప్రారంభింపవచ్చును. భాష రానివారికి తెరయడుగున మాటల యనువాదము కనబడును. కత్తియుద్ధములకొరకు మాత్రమే చూచువారికి వాని విలువ పూర్తిగా తెలియదు. అబద్ధమాడినవాడు శిశువు నెత్తుకొనునపుడు, గుమాస్తా అర్జీ చేతబట్టి గుమ్మముకడ నిలుచునపుడు, యోధుడు గెలుపును రైతుల కప్పగించునపుడు వారి ముఖములను చక్కగా చూడవలెను. కన్నులు త్రిప్పుకొనక చూచుటయే కురొసావా బాల్యమున నేర్చిన విద్య. లోకమునకు అతడు నేర్పిన విద్యయు అదియే.