బ్రౌనుదొర కొలువు, వ్యాసంగము

తాను చేయదగిన పని యేదో ముందుగా నిశ్చయముగా తెలిసికొని, పిమ్మట దానికి పూనుకొందమని కాలము గడపువారు మనలో పెక్కండ్రు కలరు. కుమారుల చదువునుగూర్చి ఆలోచించు తండ్రులును ఈ మాటయే యనుచుందురు. చార్లెసు ఫిలిప్పు బ్రౌను చరిత్రమును పరికించినచో మాకు వేరొక క్రమము గోచరించుచున్నది.

అతడు 1798లో కలకత్తాలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతాచార్యుడు, కుమారునకు చిన్ననాడే పెక్కు భాషలు నేర్పించినవాడు. 1817లో చెన్నపట్టణమున కుంఫిణీ కొలువునకు వచ్చునప్పటికి బ్రౌనునకు తెలుగు రాదు. పరీక్షకు కావలెను గనుక వెలగపూడి కోదండరామపంతులుగారియొద్ద నేర్చుకొనెను. 1820లో కడప చేరెను. కచ్చేరీలో ఆ భాష అక్కఱకు వచ్చినది. ఇంతవరకు విశేష మేమియు లేదు. నాటి దొరలు పలువురు చేసినదే.

పిమ్మట బందరులో నున్న దినములలో, దూబ్వా అను ఫ్రెంచి మతబోధకుడు వ్రాసిన గ్రంథమున అతనికి వేమన పేరు కనబడెను. 1824లో ఆ పద్యములు సేకరింప మొదలిడెను. దొరకిన తాళపత్రప్రతు లొక్కొక్కటి యొక్కొక్క తీరు. ఒకదానిలో పాదము లోపించును. వేరొకదానిలో లేఖకుని చేర్పు కానవచ్చును. వీనిని ప్రక్కప్రక్కను పెట్టి సరిచూచు విసుగు పుట్టించు పనిలోనే అతనికి తన జీవిత ప్రయోజనము దొరకినదని మేము తలచుచున్నాము. 1829లో 693 పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చు వేయించెను. 1839 నాటి ముద్రణమున అవి 1,164 అయ్యెను.

ఈ రెండు ముద్రణముల నడుమ, 1834లో, అతడు కొలువునుండి తొలగింపబడెను. ఇంగ్లండునకు పోయియు ఊరకుండక, ఇండియా హౌసు గ్రంథాలయమున మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను బయటికి తీసి, చెన్నపురికి చేర్పించుటకు పాటుపడెను. కొలువు పోయినను వ్యాసంగము పోలేదు. మరల కొలువు లభించినపుడు పారసీ భాషాంతరీకర్తగాను, తపాలాశాఖ పెద్దగాను పనిచేసెను. ఈ యుద్యోగములు అతనికి అన్నము పెట్టినవి. ఆ జీతము మాత్రము పండితులకును, లేఖకులకును, కాగితములకును చెల్లెను. కడపలో నిల్లు కొని వారి నచటనే పనికి కూర్చుండబెట్టెను. అప్పులపాలును అయ్యెను.

ఆ పండితులను మరచుట న్యాయము కాదు. జూలూరి అప్పయ్యగారి వ్యాఖ్యానముతోనే 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును వెలువడినవి. దొరకు వ్యాసంగమైనది వారికి జీవనోపాధి. అయినను పనియందలి శ్రద్ధలో వారు తక్కువవారు కారు.

1852లో తెలుగు నిఘంటువు ముగిసెను. కచ్చేరీలలో వాడు మిశ్రభాషాపదములకు వేరొక నిఘంటువును ప్రకటించెను. పాత దస్తావేజులు విప్పి చూచు భూస్వాములకు అందలి పదములు పరిచితములే. పండితులు కాదని త్రోసిపుచ్చు మాటలనుగూడ అతడు విడువలేదు; సంతలో విన్నదియు, కావ్యమున చదివినదియు ఒక్క పుస్తకమున చేర్చెను.

1855లో ఈ దేశమును విడచి, పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884లో ఆ నగరముననే మరణించెను. అతడు వివాహమాడలేదు. కడపలో అతడు నివసించిన తావున నేడొక గ్రంథాలయము కలదు.