గీతలలో మిగిలిన యంత్రము: చార్లెస్ బాబేజి

1821వ సంవత్సరములో ఒకనాడు లండను నగరమున ఇద్దరు మిత్రులు కూర్చుండి ఖగోళ గణితమునకు సంబంధించిన పట్టికలను సరిచూచుచుండిరి. ఒకే లెక్కను ఇద్దరు గణకులు వేరువేరుగా చేసియుండిరి. రెండు ప్రతులును ఒకటిగా ఉండవలసినది. కాని తప్పు వెంట తప్పు బయటపడుచుండెను. విసిగిన మిత్రులలో ఒకడు, ఈ లెక్కలను ఆవిరియంత్రమే చేసిపెట్టిన ఎంత బాగుండునని అనెను. అతడు చార్లెస్ బాబేజి. రెండవవాడు జాన్ హెర్షెల్. ఆనాటి కోరిక బాబేజిని మరి ఏబదియేండ్ల వరకు, అనగా కన్ను మూయువరకు, విడువలేదు. నేడు ప్రతి కంప్యూటరునందును, ప్రతి సెల్‌ఫోనునందును ప్రాసెసరను పేర పనిచేయుచున్న భాగమునకు తొలిరూపమును కాగితముపై గీసినవాడు ఇతడే. అయినను ఇతడు తలపెట్టిన పెద్ద యంత్రములలో ఒక్కటియు ఇతని జీవితకాలమున పూర్తికాలేదు.

బాబేజి 1791 డిసెంబరు 26వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి బెంజమిన్ సంపన్నుడైన బ్యాంకరు. 1810లో కేంబ్రిడ్జి ట్రినిటీ కళాశాలలో చేరునాటికే బాబేజి గణితమును తనంతట తాను చాలవరకు చదివియుండెను. అచటి బోధన యూరపుఖండపు గణితముకంటె వెనుకబడి యుండుట అతనికి నిరాశ కలిగించెను. 1812లో హెర్షెల్, జార్జి పీకాక్ మొదలైన మిత్రులతో కలిసి అతడొక గణిత సంఘమును స్థాపించెను. న్యూటను చుక్కల గుర్తులకు బదులు లైబ్నిజ్ ఏర్పరచిన గుర్తులను ఇంగ్లండులో ప్రవేశపెట్టుట ఆ సంఘపు ముఖ్యోద్దేశము. గుర్తులు సులభమైనచో ఆలోచన దూరము సాగునని విద్యార్థిదశలోనే గ్రహించిన బాబేజి, తరువాత యంత్రభాగముల కదలికలను వ్రాయుటకు కూడ ఒక ప్రత్యేక లిపిని కల్పించుకొనెను. 1814లో జార్జియానా విట్మోరును వివాహమాడెను. 1816లో రాయల్ సొసైటీ సభ్యుడాయెను.

ఆ కాలమున నావికులు, భూమిని కొలుచువారు, ఖగోళశాస్త్రజ్ఞులు అందరును అచ్చుపట్టికలపైననే ఆధారపడుచుండిరి. సంవర్గమానములు కావలెనన్నను, చంద్రుని స్థానము తెలియవలెనన్నను పట్టికను చూడవలసినదే. ఆ పట్టికలలో తప్పులు మూడు చోట్ల దొర్లుచుండెను: లెక్క చేయునప్పుడు, ప్రతి వ్రాయునప్పుడు, అక్షరములు కూర్చునప్పుడు. కావున లెక్కించుటయే కాక, ఫలితమును తానే అచ్చొత్తు యంత్రము కావలెనని బాబేజి నిశ్చయించెను.

అతడెన్నుకొన్న మార్గము తేడాల పద్ధతి. 1, 4, 9, 16, 25 అను వర్గసంఖ్యల నడిమి తేడాలు వరుసగా 3, 5, 7, 9. ఆ తేడాల నడిమి తేడా ఎల్లప్పుడును 2. కాబట్టి 9కి 2 కలుపగా 11 వచ్చును. 25కి 11 కలుపగా 36 వచ్చును. గుణకారము అక్కరలేకయే, కూడికతోనే తరువాతి వర్గము లభించెను. కూడిక ఒక్కటే చాలునన్నచో ఆ పనిని పండ్లచక్రములు చేయగలవు. ఈ సూత్రముపై 1822లో అతడొక చిన్న నమూనాను తయారుచేసి చూపెను. మరుసటి సంవత్సరమే బ్రిటిషు ప్రభుత్వము పెద్ద యంత్రమునకు ధనసహాయము చేయుటకు అంగీకరించెను. దానికి డిఫరెన్సు ఎంజినని పేరు.

కాని ఆ యంత్రమునకు సుమారు 25,000 భాగములు కావలెను. ఒకే అచ్చున పోసినట్లుండు భాగములను వేలకొలది చేయు అలవాటు ఆనాటి కర్మాగారములకు లేదు. జోసెఫ్ క్లెమెంటను నిపుణుడు పనికి పూనుకొని, మొదట పనిముట్లనే క్రొత్తగా చేసికొనవలసివచ్చెను. అతని కార్ఖానాలో పనిచేసిన జోసెఫ్ విట్వర్తు తరువాతి కాలమున ఇంగ్లండు అంతటికిని మరచుట్ల కొలతలను ఏకరీతిగా నిర్ణయించెను. యంత్రము పూర్తికాకపోయినను దానికొరకు పడిన శ్రమ వ్యర్థము కాలేదని చెప్పుటకు ఇది యొక నిదర్శనము.

ఇంతలో 1827 వచ్చెను. ఆ యొక్క సంవత్సరములోనే బాబేజి తండ్రిని, భార్యను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొనెను. మనశ్శాంతికై యూరపులో సంచరించుచుండగా, 1828లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము అతనిని లూకాసియన్ గణితాచార్యునిగా ఎన్నుకొనెను. ఒకప్పుడు న్యూటను అధిష్ఠించిన పీఠమది. బాబేజి పదునొకండేండ్లు ఆ పదవిలో ఉండియు ఉపన్యాసము లిచ్చినవాడు కాడు. అతని మనస్సంతయు యంత్రముపైననే ఉండెను. 1832లో క్లెమెంటు అందులో ఒక చిన్న భాగమును కూర్చి ఇచ్చెను. అది చక్కగా పనిచేసెను. మరుసటి సంవత్సరమే ఇరువురకును డబ్బు విషయమున తగవు వచ్చి పని ఆగిపోయెను.

1833 జూనులో పదునేడేండ్ల యువతి యొకతె బాబేజికి పరిచయమై, ఆ యంత్రభాగమును చూచి ఆకర్షింపబడెను. ఆమె కవి బైరను కుమార్తె ఆడా; వివాహానంతరము లవ్‌లేస్ ప్రభ్వి యాయెను.

పని ఆగిన ఆ విరామములోనే, 1834లో, బాబేజికి మరియొక ఊహ తట్టెను. ఒకే విధమైన లెక్క చేయు యంత్రమేల? ఏ లెక్కనైనను చేయగల యంత్రమొకటి ఉండరాదా? దానికతడు విశ్లేషణ యంత్రమని పేరిడెను. దాని నతడు రెండు ముఖ్యభాగములుగా విభజించెను. సంఖ్యలను దాచియుంచునది గిడ్డంగి. ఆ సంఖ్యలను తెచ్చి కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము చేయునది మిల్లు. ఈ పేర్లు అతడు నూలుమిల్లుల నుండి తెచ్చుకొన్నవి. ధాన్యము కొట్టులోనుండి మరకు వచ్చి, బియ్యమై మరల కొట్టునకు చేరినట్లు, సంఖ్యలు గిడ్డంగి నుండి మిల్లునకు వచ్చి ఫలితములై తిరిగిపోవును. నేటి భాషలో గిడ్డంగి మెమరీ, మిల్లు ప్రాసెసరు.

ఏ లెక్క ఎప్పుడు చేయవలెనో మిల్లునకు తెలుపుటెట్లు? ఫ్రెంచి దేశస్థుడైన జకార్డు పట్టుమగ్గమునందు చిల్లులు పొడిచిన అట్టల వరుసచే పూలను, బొమ్మలను నేయించుచుండెను. బాబేజి 1836లో ఆ అట్టలనే తన యంత్రమునకు ఆజ్ఞాపత్రములుగా స్వీకరించెను. అట్టలు మార్చినచో పని మారును; యంత్రమును మార్చనక్కరలేదు. అంతేకాక, వచ్చిన ఫలితమునుబట్టి తరువాతి మార్గమును ఎన్నుకొనుటకును, ఒకే పనిని మరల మరల చేయుటకును అందు వీలు కల్పించెను.

అన్నిటికంటె అతనిని వేధించిన ప్రశ్న కాలము. 9999కి 1 కలిపినప్పుడు ఒకట్ల స్థానము నిండి పదుల స్థానమునకు ఒకటి పోవును. అది నిండి వందలకు పోవును. ఇట్లు చివరిదాక ఒక్కొక్కటిగా సాగవలెను. పొడవైన సంఖ్యలయందు ఈ నిరీక్షణతోనే కాలము గడచిపోవును. ఏయే చక్రములు 9పై నిలిచియున్నవో ముందుగానే పసిగట్టి, అన్ని స్థానములకును ఒక్కమారే ఒకటిని అందించు ఏర్పాటును బాబేజి కనిపెట్టెను. నేటి ప్రాసెసరులలోని కూడిక వలయములు ఎదుర్కొను చిక్కు కూడ ఇదియే. ముందుగా చూచి అందించుటయే దానికి ఉపాయము. ఇట్టి యంత్రము పుట్టిన పిదప, ఒక ఫలితమును అతి తక్కువ కాలములో సాధించు మార్గమేది యను ప్రశ్న శాస్త్రమునంతటిని నడపునని అతడు తన ఆత్మకథలో ఊహించెను.

ఈ క్రొత్త ఊహను బాబేజి ప్రభుత్వమునకు దాచక తెలియజేసెను. పాత యంత్రమే పూర్తికాలేదు. అంతకంటె మేలైనది తోచినదనుచున్నాడు! ఇక మొదటిదానికి ధనమెందుకని అధికారులు సందేహించిరి. పదునేడు వేల పౌనులకు పైగా ఖర్చుపెట్టిన పిమ్మట, 1842లో పీల్ ప్రభుత్వము ఆ పనిని పూర్తిగా విరమించెను. బాబేజి స్వయముగా ప్రధానమంత్రిని కలిసికొనెను గాని, తనకు జరిగిన అన్యాయములను ఏకరువు పెట్టి వచ్చెనే తప్ప సాధించినదేమియు లేదు. ఊహయందున్న నేర్పు మాటయందు లేకపోవుట అతని దురదృష్టము.

అతని యంత్రమును స్వదేశ ప్రభుత్వముకంటె బాగుగా గ్రహించినది ఆడా. 1840లో బాబేజి ఇటలీలోని ట్యూరినులో తన యంత్రమును వివరింపగా, మెనబ్రియా యను ఇంజనీరు దానిపై ఫ్రెంచిలో ఒక వ్యాసము ప్రకటించెను. ఆడా దానిని ఇంగ్లీషులోనికి అనువదించి, మూలమునకు సుమారు మూడింతలు వివరణములు చేర్చి 1843లో ప్రచురించెను. బెర్నూలీ సంఖ్యలను యంత్రము లెక్కించు క్రమము అందు పట్టికగా కలదు. సంఖ్యలచే సూచింపదగినది ఏదైనను ఈ యంత్రమునకు లొంగుననియు, స్వరముల నడిమి సంబంధములను తెలిపినచో అది సంగీతమును సైతము కూర్చగలదనియు ఆమె భావించెను. అయితే దానికి మనము చెప్పగలిగినదే అది చేయునుగాని, స్వయముగా క్రొత్తదేదియు పుట్టింపజాలదని హెచ్చరించెను. ఆమె 1852లో ముప్పదియారవ యేట మరణించెను.

1847 మొదలు 1849 వరకు బాబేజి, విశ్లేషణ యంత్రమువలన నేర్చిన మెలకువలతో డిఫరెన్సు ఎంజినును మరల క్రొత్తగా గీసెను. భాగముల సంఖ్య ఎనిమిదివేలకు తగ్గెను. ప్రభుత్వము దానిని స్వీకరింపలేదు. స్వీడనుకు చెందిన షాయిట్జ్ తండ్రీకొడుకులు అతని ఊహవలన ప్రేరితులై తమ స్వంత యంత్రమును నిర్మించి 1855లో పారిస్ ప్రదర్శనమునకు తెచ్చినప్పుడు, బాబేజి అసూయపడక వారికి గౌరవము కలుగవలెనని పాటుపడెను. ముదిమియందు వీధిలో వాద్యములు వాయించువారితో పోరాడుచు నలుగురిలో నవ్వులపాలాయెను. 1871 అక్టోబరు 18వ తేదీన లండనులో మరణించెను.

అతని కుమారుడు హెన్రీ హిందూదేశమున బెంగాలు సైన్యములో అనేక సంవత్సరములు ఉద్యోగము చేసినవాడు. తండ్రి విడిచిన చక్రములతో అతడు చిన్న చిన్న యంత్రఖండములను కూర్చి కొన్నిటిని విద్యాలయములకు పంపెను. అందొకటి అమెరికాలోని హార్వర్డునకు చేరెను. దానిని చూచిన హోవర్డు ఐకెన్ 1944లో ఆచటనే మార్క్ వన్ అను పెద్ద గణనయంత్రమును నడిపించెను. విశ్లేషణ యంత్రపు మిల్లులో కొంత భాగమును కూడ హెన్రీ నిర్మించెను. 1910లో అది వృత్తపరిధికి సంబంధించిన పై విలువ గుణిజములను అచ్చొత్తెను. కాని వానిలో తప్పులు దొర్లెను.

బాబేజి మరణించిన నూరేండ్లకు, 1971 నవంబరులో, ఇంటెల్ సంస్థ 4004 అను ప్రాసెసరును ప్రకటించెను. మిల్లు అంతయు 2,300 ట్రాన్సిస్టర్లతో గోరంత సిలికాను ముక్కపై ఇమిడెను. నేటి సెల్‌ఫోను ప్రాసెసరులో వందలకోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నవి. మిల్లు ఎంత వేగముగా తిరిగినను గిడ్డంగినుండి సంఖ్యలు ఆలస్యముగా వచ్చినచో ప్రయోజనము లేదు. అందుచేతనే మిల్లు ప్రక్కననే చిన్న గిడ్డంగులను అమర్చుచున్నారు. రేపటి ప్రాసెసరు కాంతితో నడచునా, పరమాణువుల వింత స్వభావముతో నడచునా యని ఊహించువారును అదే పాత ప్రశ్నను అడుగుచున్నారు: తక్కువ కాలములో ఫలితము పొందుటెట్లు?

బాబేజి ఊహలు వట్టి కలలా? ఈ ప్రశ్నకు సమాధానము 1991లో లభించెను. అతని ద్విశత జయంతి సందర్భమున లండను సైన్సు మ్యూజియమువారు 1849నాటి గీతలను అనుసరించి, అతని కాలమున సాధ్యమైన కొలతల నాణ్యముతోనే డిఫరెన్సు ఎంజిను గణనభాగమును నిర్మించిరి. అది 31 అంకెల వరకు తప్పులేక లెక్కించెను. 2002లో అచ్చుభాగమును పూర్తియాయెను. లోపము గీతలలో లేదు. ఒక ఊహ ముగియకముందే మరియొకటి అతనిని లాగుకొనిపోవుటలోను, ఆ వేగమును ఓర్చుకొని తోడునిలుచువారు లేకపోవుటలోను ఉన్నది. విశ్లేషణ యంత్రము మాత్రము నేటికిని సంపూర్ణముగా నిర్మింపబడలేదు. అది అతని గీతలలో, వేలకొలది పుటల వ్రాతలలో అట్లే ఉన్నది.