శాండో బనియన్ల వెనక మనిషి

చేతుల్లేని బనియన్‌ని మనం శాండో బనియన్ అంటాం. శాండో ఓ మనిషి పేరు. బనియన్‌కి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు.

యూజీన్ శాండో 1867లో అప్పటి ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. అసలు పేరు ఫ్రెడ్రిక్ ముల్లర్. 1889లో లండన్‌లో శాంసన్ అనే పేరుమోసిన వస్తాదుని ఓడించడంతో దశ తిరిగింది. 1905లో మన దేశానికీ వచ్చి ప్రదర్శనలిచ్చాడు. ఆయనెత్తే బరువులకన్నా తీరైన ఆ ఒంటిని చూడ్డానికే జనం ఎగబడేవారట.

నాకు నచ్చింది మాత్రం ఆయన పాఠం చెప్పిన తీరు. 1897లో లండన్‌లో వ్యాయామశాల పెట్టాడు. ఆడవాళ్లకీ అందులో చోటుండేది. వచ్చినవాళ్ల కొలతలు తీసుకుని, ఎవరికి ఏది తక్కువో చూసి, దానికి తగ్గ కసరత్తు రాసిచ్చేవారు. కొలతలు చూడకుండా జాకెట్టు కుట్టే దర్జీ ఉంటాడా? ఇదీ అంతే. పుస్తకంలోనూ పిల్లలకి, ఆడవాళ్లకి, మగవాళ్లకి వేరువేరు పట్టికలిచ్చాడు. పెద్ద బరువులేం కాదు, చేతిలో ఇమిడే తేలికపాటి డంబెల్సే. మొదట కొద్దిసార్లు చేసి, రోజులు గడిచేకొద్దీ లెక్క పెంచుకుంటూ పోవాలి.

1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో పోటీ పెట్టినప్పుడూ ఎవరి కండలు పెద్దవని కాదు, ఎవరి ఒళ్లు పైనుంచి కిందదాకా సమంగా పెరిగిందని చూశారు. ఆరోగ్యం, చర్మం నిగారింపు కూడా లెక్కలోకి తీసుకున్నారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కోనన్ డాయిల్ న్యాయనిర్ణేతల్లో ఒకరు. గెలిచింది నాటింగ్‌హామ్‌కి చెందిన ముర్రే.

మన సంగతి చూడండి. పొద్దస్తమానం పనే, అయినా బిందె ఎప్పుడూ ఒకే చంకన, బకెట్టు ఎప్పుడూ కుడిచేత్తోనే. ఒక పక్క అరుగుతుంది, రెండో పక్కకి పనే ఉండదు. ఇంటిపని చేస్తున్నాం కదా, వేరే వ్యాయామం ఎందుకనే మాట నేనొప్పుకోను. చేతులు మార్చుకోవడానికైతే పైసా ఖర్చు లేదు.

ఒంటికి ఇంత సమతూకం నేర్పిన మనిషి కాపురం మాత్రం అలా సాగలేదు. 1894లో బ్లాంచ్‌ని పెళ్లాడాడు. ఇద్దరు కూతుళ్లు. 1925 అక్టోబరులో 58వ ఏట ఆయన పోతే, సమాధి మీద పేరు కూడా వేయించలేదు ఆవిడ. పరాయి ఆడవాళ్లతో ఆయన తిరుగుళ్లే అందుకు కారణమంటారు. అదే నిజమైతే ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. 2002లో ఓ అభిమాని రాయి వేయించేదాకా, 77 ఏళ్లపాటు, లండన్ పుట్నీవేల్ శ్మశానంలో ఆయన ఎక్కడున్నాడో చెప్పే రాయి లేదు.